నలభైఏడో నంబరు కార్డు సంరక్షకుడు

నీటి మీటర్ల పరీక్ష గదిలో ఆయన్ని అందరూ పాయింటు అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అక్కడి నుంచి బయటికి రాదు. ఏది అడిగినా పాయింటు లేకుండా జవాబు చెప్పడు. టీ ఎలా ఉందంటే పంచదార పాయింటు రెండు తగ్గిందంటాడు. ఒంట్లో ఎలా ఉందంటే నిన్నటి మీద పాయింటు ఐదు నయమంటాడు. ఎగతాళికి పెట్టిన పేరే. పెట్టినవాళ్లు రిటైరై వెళ్లిపోయారు, పేరు మిగిలింది.

గది పొడుగ్గా, ఎప్పుడూ తడిగా ఉంటుంది. గోడ వెంట ఒక పైపు. పైపుకు వరసగా పది మీటర్లు బిగిస్తారు. చివర తొట్టి, తొట్టికి గీతలున్న గాజు గొట్టం. సరిగ్గా వంద లీటర్లు పడేదాకా నీళ్లు వదిలి కట్టేస్తారు. అప్పుడు మీటరు నూట రెండు చూపిస్తే అది కోతలరాయుడు. తొంభై ఎనిమిది చూపిస్తే బద్ధకస్తుడు. రెండింటి మెడకూ పాయింటు ఎర్ర చీటీ కడతాడు. ఇరవై తొమ్మిదేళ్లలో ఏ మీటరునూ పోనీలే అని వదిలిపెట్టలేదు. పరీక్ష అయిన నీళ్లు కాలవలోకి పోతాయి.

ఇంటి దగ్గర ఆయనకు ఇంకో కొలువు ఉంది. దానికి పై అధికారి లేడు, సెలవూ లేదు. ఎవరి సొత్తూ కాని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రాం అది. దానికి కంపెనీ లేదు, ఆఫీసు లేదు. లోకంలో ఎక్కడెక్కడి వాళ్లో తలా నాలుగు పంక్తులు రాస్తారు, ఎవరికి కావాలంటే వాళ్లు వాడుకుంటారు. అందులో వేల డ్రైవర్లు ఉన్నాయి. వాటిలో ఒకదానికి పాయింటు సంరక్షకుడు.

డ్రైవరంటే ఏమిటని వాళ్లావిడ ఒకసారి అడిగింది. ఆవిడ ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని ఊళ్లోవాళ్ల బట్టలు సరిచేస్తుంది. పొడుగువి పొట్టి చేస్తుంది, బిగుతువి వదులు చేస్తుంది, కొత్తవి మాత్రం కుట్టదు. పాయింటు ఆలోచించి చెప్పాడు. ఒకే ఇంట్లో అన్నదమ్ములకు మాటలు లేవనుకో. మధ్యలో వదిన ఉంటుంది. వాణ్ణి భోజనానికి రమ్మను అని అన్న ఆవిడతో చెబుతాడు, ఆకలి లేదని చెప్పు వదినా అని తమ్ముడు ఆవిడతోనే అంటాడు. సిస్టమ్ అన్న, పరికరం తమ్ముడు, డ్రైవరు ఆ వదిన.

వాళ్లావిడ మిషను ఆపింది. "మరి వదినకు అన్నం ఎవరు పెడతారండీ?"

"నేను," అన్నాడు పాయింటు.

ఆ కొలువు ఆయనకు పద్దెనిమిదేళ్ల కిందట వచ్చింది. సిస్టమ్ రాత చదివి నేర్చుకుందామని కూర్చుని, ఎక్కడో మూలన ఒక డ్రైవరులో అక్కర్లేని పంక్తి ఒకటి కనబడితే దాన్ని తీసి పంపించాడు. ఊరూ పేరూ తెలియని ఒక పెద్దమనిషి జవాబు రాశాడు. మీరు దీని మీద చెయ్యి వేశారు, దీనికి దిక్కు లేదు, ఇకనుంచి మీరే చూసుకోరాదా అని. కాదంటే బాగుండదని పాయింటు సరేనన్నాడు. మర్నాడు సంరక్షకుల జాబితాలో ఒక పంక్తి చేరింది. నలభైఏడో నంబరు కార్డు, దాని పక్కన ఆయన పేరు.

ఆ కార్డు కంప్యూటరు లోపల గుచ్చుకునేది. దాని నుంచి తీగె ఒకటి టేపు యంత్రానికి పోతుంది. కంప్యూటరులో ఉన్నదంతా క్యాసెట్ల మీద దాచుకోవడానికి ఒక కాలంలో అలాంటివి వాడేవారు. పాయింటు దాన్ని ఎప్పుడూ చూడలేదు. చూసినవాళ్లు ఎక్కడో ఉంటారనుకున్నాడు. మిగతావాళ్లూ అలాగే అనుకున్నారు.

సిస్టమ్ మారినప్పుడల్లా డ్రైవర్లన్నింటినీ దానికి తగ్గట్టు సరిచేయాలి. ఈ డ్రైవరునూ సరిచేశారు. నలభై మంది కలిసి నూట నలభై ఒక్కసార్లు సరిచేశారు. సరిచేసిన ప్రతివాడూ ఎలా పరీక్షించాడో కింద ఒక మాట రాయాలి, అది అక్కడి మర్యాద. నూట నలభై ఒక్కసార్లూ ఒకటే మాట: కంపైల్ అయింది, పరికరం మీద చూడలేదు. అంటే అక్షరాలూ కామాలూ కుదిరాయని కంప్యూటరు ఒప్పుకుంది, అంతవరకే.

నిజమైన ఫిర్యాదు ఒక్కటే వచ్చింది, తొమ్మిదేళ్ల కిందట. టేపు మొదటికి రెండుసార్లు చుట్టుకుంటోంది అని ఎవరో రాశారు. పాయింటు మూడు ఆదివారాలు కూర్చుని చదివాడు. నిజమే, చుట్టమనే ఆజ్ఞ రెండుచోట్ల ఉంది. ఒకటి తీసేశాడు. ఇప్పుడు ఒక్కసారే చుడుతుంది, మీ మేలు మరిచిపోను అని ఆ మనిషి రాశాడు. ఆ నెలంతా పాయింటు నేలకు పాయింటు ఐదు అడుగు ఎత్తున నడిచాడు.

ఉత్తరం ఒక మంగళవారం ఉదయం ఈమెయిల్లో వచ్చింది.

పాత డ్రైవర్లను తీసేసే పని చూసే ఆవిడ తనకు తానే చీపురు అని పేరు పెట్టుకుంది. ఆ పేరుతోనే రాస్తుంది, అసలు పేరు ఎవరికీ తెలియదు. అప్పటికి నాలుగు వందల పన్నెండు డ్రైవర్లను ఊడ్చింది. మర్యాదస్తురాలు. ఎవర్నీ నొప్పించదు, ఏదీ మిగల్చదు. పద్ధతి ఏమిటంటే ముందుగా అందరికీ ఒక ఉత్తరం వేస్తుంది. ఈ పరికరం ఎవరైనా వాడుతున్నారా, ఆరు వారాల్లో ఒక్కరు ఔనన్నా ఉంచుతాను, లేకపోతే తీసేస్తాను అని. ఈసారి నలభైఏడో నంబరు వంతు. అడుగున పాయింటుకు విడిగా ఒక మాట రాసింది. సంరక్షకులు కదా, మీ దగ్గర కార్డు ఉండే ఉంటుంది, ఉందా?

పద్దెనిమిదేళ్లలో ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయనా తనను తాను అడుక్కోలేదు. ఆ ఉదయం పరీక్ష గదిలో ఒక మంచి మీటరుకు ఎర్ర చీటీ కట్టి, మళ్లీ విప్పాడు.

భోజనాల దగ్గర వాళ్లావిడతో చెప్పాడు. "నా పేరు తీసేస్తారట."

"ఎక్కడి నుంచి?"

"జాబితా నుంచి."

"పోనీ, గుమ్మం మీద బోర్డు ఉందిగా."

"గుమ్మం మీది పేరు పోస్టు వేసేవాళ్ల కోసం," అన్నాడు పాయింటు. జాబితాలో పేరుంటే ఏమొస్తుందో ఆయనకే తెలియదు. అది ఉన్నంతకాలం, కాలవలోకి పోనిది ఒకటి తన చేతిలో ఉందనిపించేది. అంతే. ఆవిడ మజ్జిగ పోసి, ఆవిడెవరో మర్యాదగా అడిగింది కదా, ఆరు వారాలు తక్కువేమీ కాదు, వెతకండి అంది.

మేడ మీద వాటాలో పాయింటు అక్క, బావ ఉంటారు. బావ బస్ డిపోలో గుమాస్తాగా చేసి దిగిపోయాడు. ఇప్పుడు పనల్లా మెట్లు దిగి వచ్చి బావమరిది సంగతులు కనుక్కోవడం. ఆయనకు ఇందులో కష్టమేమీ కనబడలేదు.

"ఉందని రాసి పారెయ్యవయ్యా. ఆవిడేమన్నా రైలెక్కి వచ్చి నీ బీరువా వెతుకుతుందా?"

"లేనిది ఉందని ఎలా రాస్తాను బావా?"

"పద్దెనిమిదేళ్లు లేనిదానికి ఊడిగం చేశావు. ఒక్కరోజు ఉందనడానికి నోరు రాదా?"

ముందు గదిలో మిషను ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. పాయింటు పైకి లేచి వెళ్లి, చీపురుకు జవాబు రాశాడు. నా దగ్గర లేదు, ఎప్పుడూ లేదు, వెతుకుతాను. చీపురు గంటలో రాసింది. తప్పకుండా వెతకండి, తొందరేమీ లేదు, గడువు మాత్రం ఆరు వారాలే.

పాత సామాన్ల దుకాణాలు మూడు తిరిగాడు. మొదటిదాంట్లో కార్డుల గుట్ట ఉంది. గుట్టలో కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి నంబరు చూశాడు. దుకాణం ఆయన ఏం వెతుకుతున్నారని అడిగితే చెప్పాడు. అలాంటిది నిన్ననే పోయిందండీ అన్నాడు దుకాణం ఆయన. ఏది అడిగినా ఆయన అదే చెబుతాడని తరవాత తెలిసింది. రెండోదాంట్లో ఏమీ లేదు. మూడోది పాత కంప్యూటర్లు బాగుచేసే ఆయనది. ఆయన లోపలికి వెళ్లి దుమ్ము దులుపుతూ రెండు కార్డులు తెచ్చాడు. ఆ కంపెనీవే. ఒకటి నలభై ఆరు, ఇంకోటి నలభై ఎనిమిది.

"మధ్యది?"

"మధ్యది నా చేతికి ఎప్పుడూ రాలేదు సార్. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా. బాగా పనిచేసేదేమో, బాగుచేతకు ఎవరూ తేలేదు."

ఈ మాట పాయింటుకు ధైర్యం ఇచ్చింది.

ఈలోగా అందరికీ వేసిన ఉత్తరానికి మూడు జవాబులు వచ్చాయి. మూడూ ఔననే చెప్పాయి. పాయింటు మీటర్లకు చేసినట్టే వాటినీ ఒక్కొక్కటిగా నీళ్లకు పెట్టాడు.

మొదటి ఆయన ఏదో కాలేజీ లాబులో ఉంటాడు. నలభైఏడో నంబరు డ్రైవరు మా దగ్గర ప్రతిరోజూ పనిచేస్తోంది అని రాశాడు. ఏం చేస్తోందని పాయింటు అడిగాడు. ప్రతిరోజూ పొద్దున మా యంత్రం దాన్ని తప్పుల్లేకుండా కంపైల్ చేస్తోంది అని జవాబు. కార్డు సంగతి అడిగితే, కార్డు గురించి కాదు కదా మనం మాట్లాడేది అన్నాడు.

రెండో ఆయన పదకొండేళ్లుగా దాన్ని తన కంప్యూటరులో ఎక్కించుకుని ఉన్నాడు. ఒక్కనాడూ మొరాయించలేదని ప్రమాణం చేస్తానన్నాడు. కార్డు మీద దీపం ఏ రంగులో వెలుగుతుందని పాయింటు అడిగాడు. రెండు రోజులు జవాబు లేదు. తరవాత పొడుగాటి ఉత్తరం వచ్చింది. నా దగ్గర కార్డు లేదు. కార్డు లేకుండానే ఇంత నమ్మకంగా ఉన్న డ్రైవరు ఇంకోటి చూడలేదు, అందుకే తీసెయ్యడానికి మనసు రాలేదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. తొమ్మిదేళ్ల కిందట టేపు రెండుసార్లు చుట్టుకుంటోందని రాసింది నేనే. టేపు లేదు, చుట్టుకోనూ లేదు. ఊరికే చదువుతుంటే, ఉండి ఉంటే రెండుసార్లు చుట్టుకునేది కదా అనిపించింది.

పాయింటు ఆ ఉత్తరం మూసి పెరట్లోకి వెళ్లి, కారని కొళాయిని గట్టిగా కట్టాడు.

మూడోది మ్యూజియం నుంచి. పాత యంత్రాలు దాచే మ్యూజియం అది. అక్కడి గుమాస్తా, మా దగ్గర నలభైఏడో నంబరు ఉంది, అద్దాల బీరువాలో పెట్టాం, చూడడానికి జనం వస్తారు అని రాశాడు. పాయింటు ఫోను చేశాడు. గుమాస్తా సంతోషంగా మాట్లాడాడు. పెట్టె కొత్తది, చెక్కు చెదరలేదు, లోపల పుస్తకం కూడా ఉందన్నాడు.

"కార్డు?"

"కార్డు లేదండి. పెట్టెలో కార్డు పట్టే గూడు ఉంది, చాలా చక్కగా ఉంది."

"ఎవరైనా తీసుకున్నారా?"

"లేదండీ. సీలు మేమే విప్పాం. గూడు ఖాళీగానే వచ్చింది."

పుస్తకం చివరి పేజీలో దాన్ని రాసిన ఇంజనీరు పేరు, ఇంటి చిరునామా ఉన్నాయట. గుమాస్తా చదివి వినిపించాడు. పాయింటు రాసుకున్నాడు. రాసుకుని చూసుకుంటే ఆ వీధి తన ఊరిదే. పరీక్ష గది దాటాక రెండో బస్ స్టాపు.

ఇంజనీరుగారికి డెబ్భై నాలుగేళ్లు. మూడో అంతస్తులో ఒక్కడే ఉంటాడు. ఇంటినిండా కాగితాలు, కాగితాల మీద కళ్లజోళ్లు. ఎక్కడ కూర్చుంటే అక్కడ చదువుకోవడానికి వీలుగా ప్రతి కుర్చీకీ ఒక జోడు. పాయింటు వచ్చిన పని చెప్పాడు. ముసలాయన ఒక జోడు తీసి ఇంకోటి పెట్టుకున్నాడు.

"అది మేము తయారు చెయ్యలేదు నాయనా."

పాయింటు చిరునామా రాసుకున్న కాగితం మళ్లీ చూసుకున్నాడు.

పెట్టెలు ముందు వచ్చాయి, అన్నాడు ఇంజనీరుగారు. యజమాని బామ్మర్దికి అచ్చాఫీసు ఉండేది. వాడికి చేతిలో పని లేక పెట్టెలు ముందే కొట్టించాడు. పుస్తకమూ ముందే రాయమన్నారు. నేను బొమ్మ గీసి, ఇలా చేస్తే అలా పనిచేస్తుంది అని రాసిచ్చాను. సోమవారం నుంచి కార్డు మొదలుపెడదామనుకున్నాం. ఆ సోమవారం గేటుకు తాళం ఉంది.

"మరి డ్రైవరు?"

"ఏ డ్రైవరు?"

పాయింటు చెప్పాడు. ఎవరో కుర్రకారు ఆ పుస్తకం ఒక్కటే సంపాదించి, కార్డు బజారుకు వచ్చేనాటికి సిద్ధంగా ఉండాలని డ్రైవరు రాసి ఉంటారు. తరవాత ఇంకొకరి చేతికి, ఇంకొకరి చేతికి. ఇప్పుడు తన చేతికి. నూట నలభై ఒక్కసార్లు సరిచేశాం అన్నాడు. ముసలాయన లేచి కిటికీ తెరిచాడు.

"నా కార్డుకు డ్రైవరు ఉందన్నమాట," అన్నాడు. "ఇరవై ఏడేళ్లుగా ఒకటే అనుమానం. చేసి ఉంటే పనిచేసేదా అని. మా ఆవిడ ఉన్నంతకాలం చేసేదేలే అని ఊరుకోబెట్టేది. ఆవిడకు ఏం తెలుసు పాపం."

ఇంటికొచ్చి పాయింటు ఉన్నదున్నట్టు అందరికీ రాశాడు. ఈ కార్డు వాడేవాళ్లు లేరు. మానేసినవాళ్లూ లేరు. కార్డే లేదు.

ఇక్కడితో ముగిసిపోవాలి. ముగియలేదు. నూట పద్నాలుగు ఉత్తరాలు వచ్చాయి. కార్డు లేదు కాబట్టి డ్రైవరు తీసెయ్యాలని కొందరు. సిస్టమ్ మొత్తంలో పరికరం వల్ల ఏనాడూ చెడిపోని డ్రైవరు ఇదొక్కటే, దీన్ని తీసేస్తే ఏదైనా చెడిపోగలదని మనమే ఒప్పుకున్నట్టవుతుందని కొందరు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మంచి డ్రైవరు ఎలా ఉండాలో చూపించే పాఠంలో ఇదే ఉదాహరణ అని ఒక పంతులుగారు. చీపురు అందరికీ విడివిడిగా నమస్కారం పెట్టి, నియమం ఒక్కటే అంది. ఒక్క కార్డు, దాన్ని వాడే ఒక్క మనిషి. ఇంకా మూడు వారాల ఐదు రోజులు ఉన్నాయి.

మర్నాడే ఇంజనీరుగారు పరీక్ష గదికి వచ్చాడు. తడి నేల మీద జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చి, చంకలోంచి చుట్టిన కాగితం తీశాడు. కార్డు బొమ్మ.

"నలభై ఆరు నంబరు కార్డు ఎక్కడో చూశానన్నావే. అది పట్టుకురా. దాని సామాను సగం దీనికి పనికొస్తుంది. చేసేద్దాం."

మూడు ఆదివారాలు చేశారు. ఇంజనీరుగారి భోజనాల బల్ల మీద నలభై ఆరును విప్పి, దాని ముక్కలతో నలభై ఏడును కట్టారు. ముసలాయన సోల్డరింగ్ ఇనుముతో తగరం కరిగించి తీగెలు అతికించేవాడు. పాయింటు తీగెలు పట్టుకునేవాడు, కొలతలు చదివేవాడు. బావ కూడా ఒకరోజు చూడడానికి వచ్చాడు. డ్రైవరు ఉన్నాడు కదా అని బండి చేయిస్తున్నారన్నమాట, అని చూసి వెళ్లిపోయాడు. వెళ్తూ మాత్రం ముసలాయన కళ్లకు దీపం చాలడం లేదని చెప్పి, సాయంత్రం తన టేబుల్ దీపం పంపించాడు.

పాయింటుకు ఆ రోజుల్లో ఆకలి బాగా అయ్యేది. అబద్ధం రాయనక్కర్లేదు. కార్డు ఉంటుంది, తను వాడతాడు, ఔనని రాస్తాడు. పేరు ఉన్నచోటే ఉంటుంది. పాయింటు ఒకటి కూడా తేడా లేని మాట.

గడువుకు రెండు రోజుల ముందు, ఆదివారం పొద్దున కార్డు పూర్తయింది. ఇంజనీరుగారి పాత కంప్యూటరులో గుచ్చారు. ఆయన దగ్గరే ఉన్న పాత టేపు యంత్రం తగిలించారు. దీపం వెలిగింది. ఆకుపచ్చ. అది ఏ రంగో లోకంలో మొదటిసారిగా తెలిసింది.

పాయింటు డ్రైవరును ఎక్కించాడు. టేపు ఒకసారి వెనక్కి చుట్టుకుని ఆగింది. అంతే. ఏది అడిగినా మాట్లాడదు.

"రెండోసారి చుట్టలేదేం?" అన్నాడు ఇంజనీరుగారు.

పాయింటు ఆయన ముఖం చూశాడు.

"రెండుసార్లు చుట్టాలి నాయనా. మొదటిది టేపు బిగుసుకోవడానికి, రెండోది మొదలు దొరకడానికి. పుస్తకంలో రాశానే."

తొమ్మిదేళ్ల కిందట తీసిన పంక్తిని పాయింటు తన చేతులతో తిరిగి పెట్టాడు. టేపు రెండుసార్లు చుట్టుకుంది. తరవాత కదిలి, తప్పు చోట ఆగింది. అది వేరే ఎవరో ఏడేళ్ల కిందట చేసిన సవరణ. దాన్ని దిద్దితే దాని కింద ఇంకోటి. మధ్యాహ్నానికి పదకొండు తేలాయి. తొమ్మిది ఇతరులవి, రెండు తనవి. అన్నీ మంచి మనసుతో చేసినవే, అన్నీ కంపైల్ అయినవే. పన్నెండోది ఎక్కడుందో కూడా తెలియలేదు. తెల్లగా ఉతికి మడత పెట్టిన చొక్కాకు చేతులు లేవని అప్పుడే చూసినట్టుంది.

ముసలాయన బల్ల మీదికి వంగి కార్డును తిప్పి చూశాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు.

"ఒక పని చెయ్యనా. ఇదిగో ఈ తీగె తెంపి అక్కడ అతికిస్తే నీ డ్రైవరు చెప్పినట్టే వింటుంది. నా బొమ్మలో అలా లేదనుకో. అయినా ఎవరు చూడొచ్చారు. సాయంత్రానికి అయిపోతుంది. నీ పేరు ఉంటుంది."

ఇనుము వేడి మీదే ఉంది. ముసలాయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు కూడా. పాయింటు ఆ తీగె కేసి చూశాడు. వేలెడంత తీగె. ఇంజనీరుగారు ఇరవై ఏడేళ్లు కాగితం మీద కాపాడుకున్నది అది ఒక్కటే అని ఆయనకు తెలుసు.

"వద్దండి," అన్నాడు. "మీటరు తప్పు చూపిస్తోందని తొట్టిని కొట్టి సరిచెయ్యకూడదు."

అడిగితే చీపురు ఇంకో ఆరు వారాలు ఇచ్చేది. మిగిలిన తప్పులు వెతకచ్చు. బస్సులో వస్తూ పాయింటు ఆ మాటా ఆలోచించాడు. కాని ఎవరి కోసం? ముసలాయన దగ్గర టేపులో దాచుకోవలసింది ఏమీ లేదు. తన దగ్గరా లేదు. డ్రైవరు ఉండడానికి కార్డు చేశారు, కార్డు ఉంది కాబట్టి డ్రైవరు బాగుచేయాలి, అది బాగైంది కాబట్టి ఒక మనిషి కూర్చుని వాడాలి. ఆ మనిషి తనే కావాలి. రోజూ పొద్దున లేచి, దాచక్కర్లేనిది దాచి.

ఇంటికి వచ్చి వాళ్లావిడకు చెప్పాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది.

"మీరే తీసేస్తారా, ఆవిడే తీస్తుందా?"

"నేనే తీస్తాను."

"అయితే అన్నం తిని తియ్యండి," అందావిడ.

తిని కూర్చున్నాడు. డ్రైవరును తొలగించే సవరణ తనే రాశాడు. రెండు వేల మూడు వందల పంక్తులు. చివర సంరక్షకుల జాబితాలోని పంక్తి. దాని దగ్గర కాసేపు ఆగాడు, టీ చల్లారేంతసేపు. తీసేశాడు. తరవాత మర్యాద ప్రకారం ఎలా పరీక్షించాడో రాయాలి. మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా ఇంజనీరుగారి ఇంటికి వెళ్లి, కార్డు ఉన్న ఆ కంప్యూటరులో డ్రైవరు లేని సిస్టమ్ ఎక్కించి చూశాడు. దీపం వెలిగింది. టేపు కదల్లేదు. ఏమీ కాలేదు, ఏమీ కాకూడదు కూడా. కింద రాశాడు: పరికరం మీద పరీక్షించాను, అనుకున్నట్టే పనిచేస్తోంది.

చీపురు ఆ మాట చూసింది. నాలుగు వందల పన్నెండు తీశాను గాని, తీసినది తీసినట్టు పనిచేస్తోందని పరికరం మీద చూసి చెప్పినవాళ్లు ఎవరూ లేరు అని రాసింది. సవరణను అలాగే తీసుకుంది. నూట పద్నాలుగు ఉత్తరాలు రాసినవాళ్లలో ఒక్కరూ మాట్లాడలేదు. పంతులుగారు మాత్రం పాఠానికి ఇంకో ఉదాహరణ వెతుక్కోవాలని విసుక్కున్నాడు.

పాయింటు బుధవారం ఉదయం జాబితా తెరిచి చూశాడు. పై పంక్తీ కింది పంక్తీ దగ్గరికి జరిగి ఉన్నాయి. మధ్యలో ఏదో ఉండేదని తెలియనివాళ్లకు తెలియదు. మూసేసి ఆఫీసుకు వెళ్లాడు. మీటర్లు పది ఉన్నాయి. మూడు తప్పాయి.

సాయంత్రం ఇంటివైపు బస్సు ఎక్కలేదు. ఎదురువైపు బస్సు ఎక్కి రెండో స్టాపులో దిగాడు. ఇంజనీరుగారు తలుపు తీసి, ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు. కార్డు బల్ల మీద, శుభ్రంగా తుడిచిన గుడ్డ మీద ఉంది.

"తీసేశారా?"

"తీసేశానండి."

"ఇక పనిచెయ్యదు."

"ఇంతకు ముందూ చెయ్యలేదండి."

ముసలాయన కుర్చీలో కూర్చున్నాడు. అద్దాలు మార్చుకున్నాడు. "ఆ పదకొండు తప్పులూ," అన్నాడు, "అన్నీ డ్రైవరులోవేనా?"

"అన్నీ డ్రైవరులోవే."

"నా వైపు ఒక్కటీ లేదా? మొహమాటం వద్దు."

"లేదండి. పుస్తకంలో మీరు ఎలా రాశారో కార్డు అలాగే నడిచింది. ఒక్కొక్కటీ కొలిచాను."

ఇంజనీరుగారు తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. కాసేపటికి లేచి, సొరుగులోంచి ఒక తెల్ల కాగితం తెచ్చి పాయింటు ముందు పెట్టాడు. అది రాసిస్తావా, అని అడిగాడు.

పాయింటు కలం తీశాడు. వస్తువు: నలభైఏడో నంబరు కార్డు. సంఖ్య: ఒకటి. పరీక్షించిన తేదీ. లోపం: లేదు. కింద పొడి అక్షరాలతో సంతకం గీకబోయాడు.

"అలా కాదు," అన్నాడు ముసలాయన. "ఎవరు పరీక్షించారో చదివినవాళ్లకు తెలియాలి. పేరు మొత్తం రాయి."

పాయింటు రాశాడు. ఇంజనీరుగారు కాగితం కళ్ల దగ్గరికి తెచ్చుకుని, ఆ పేరును ఇంటిపేరుతో సహా, ఒక్కొక్క అక్షరమూ పైకి చదివాడు.